జూన్‌లో పెట్టాల్సిన సంతకం

పల్నాడులో పత్తి, మిర్చి పండే ఒక మండల కేంద్రంలో ప్రభుత్వ రంగ బ్యాంకు బ్రాంచి మేనేజరుగా పనిచేశాను. దానికి ముందు ఫీల్డాఫీసరుని, ఆ తరవాత రీజనల్ ఆఫీసులో లోన్ల విభాగం చూశాను. మేనేజరు అంటే నిర్ణయాలు తీసుకునే మనిషి అని ట్రైనింగులో మొదటి రోజే చెబుతారు. ఆ కుర్చీలో కూర్చున్నాక నాకు అర్థమైంది ఇది: తప్పుడు నిర్ణయాల వల్ల జరిగే నష్టం కంటే, తీసుకోకుండా వదిలేసిన నిర్ణయాల వల్ల జరిగే నష్టం ఎక్కువ. మొదటి రకం నష్టం ఇన్‌స్పెక్షన్ రిపోర్టులోకి ఎక్కుతుంది. రెండోది ఎక్కడా ఎక్కదు, ఎందుకంటే అది బ్యాంకుది కాదు, బయట బెంచీ మీద కూర్చున్న మనిషిది.

పంట రుణమే తీసుకోండి. ఏ పంటకి ఎకరాకి ఎంత ఇవ్వాలో జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ ఏటా ఖరారు చేస్తుంది. మేము దాన్ని స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ అంటాం. అడంగల్, 1బి, పాసుపుస్తకం చూసి, పొలం చూసి వచ్చాక మేనేజరు చేయాల్సింది ఒక్క సంతకం. అది జూన్‌లో పడితే రైతు విత్తనాలకీ దుక్కికీ వాడుకుంటాడు. సెప్టెంబరులో పడితే అప్పటికే వేరేచోట చేసిన అప్పు తీర్చడానికి వాడతాడు. ఆ వేరేచోటు సాధారణంగా ఎరువుల కొట్టు, లేదా మిర్చి కమీషను వ్యాపారి. నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ. లక్షకి ఎనిమిది నెలలకి 16,000. అదే లక్ష బ్యాంకులో పంట రుణంగా తీసుకుంటే 7 శాతం లెక్కన సుమారు 4,700. గడువులో కట్టినవాళ్లకి 3 శాతం రాయితీ పోను 2,700 కూడా కాదు. పైగా కమీషను వ్యాపారి దగ్గర అప్పు తెచ్చుకున్నవాడు పంట కూడా అతని కొట్టుకే తోలాలి, అతను చెప్పిన ధరకే తూకం వేయించుకోవాలి. మేనేజరు టేబులు మీద ఒక కాగితం మూడు నెలలు ఆగిందంటే ఒక కుటుంబం ఏడాది సంపాదనలో ఇంత కోత పడిందని అర్థం. ఈ లెక్క నేను కొత్తగా చేరిన ప్రతి ఆఫీసరుకీ కాగితం మీద వేసి చూపించేదాన్ని.

మరి మేనేజర్లు ఎందుకు ఆపుతారు? బద్ధకం వల్ల కాదు. నేను చూసినవాళ్లలో నూటికి తొంభై మంది పొద్దున్న తొమ్మిదింటికి వచ్చి రాత్రి తొమ్మిదికి వెళ్లేవాళ్లే. ఆపేది భయం. దానికి కారణం లేకపోలేదు. అవినీతి నిరోధక చట్టంలో 13(1)(డి) అనే క్లాజు ఉండేది. అధికారి పైసా తీసుకోకపోయినా, ప్రజా ప్రయోజనం లేకుండా ఒకరికి ఆర్థికంగా లాభం చేకూర్చాడని అంటే కేసు పెట్టే వీలుండేది. లోను ఇవ్వడమంటేనే ఒకరికి లాభం చేకూర్చడం. ఆ లోను మొండి బాకీ అయితే, ఇచ్చినవాడి మీదికి ప్రశ్న వచ్చేది. 2018 సవరణలో ఆ క్లాజు తీసేశారు. ఉద్యోగ ధర్మంలో భాగంగా చేసిన సిఫారసుల మీద, తీసుకున్న నిర్ణయాల మీద విచారణ మొదలుపెట్టాలంటే ముందు అనుమతి ఉండాలని 17ఎ సెక్షను చేర్చారు. చట్టం మారింది గానీ, రిటైరవ్వాల్సిన రోజు దాకా చార్జిషీటు మోసిన సీనియర్ల కథలు విని పెరిగిన మా తరం మేనేజర్ల గుండెల్లో దడ అంత తేలిగ్గా పోలేదు.

భయం నేరుగా కనపడదు, వేషం మార్చుకుని వస్తుంది. ఒకటి, ఇంకో కాగితం అడగడం. ఆ కాగితం వల్ల నిర్ణయం మారుతుందా అని తనని తానే ప్రశ్నించుకుంటే, మారదని మేనేజరుకే తెలుసు. ఇంకోటి, తన అధికార పరిధిలో ఉన్నదాన్నే ‘గైడెన్స్ కోసం’ అని రీజనల్ ఆఫీసుకి పంపడం. నేను ఆ ఆఫీసులో కూర్చున్నప్పుడు అలాంటివి కట్టలు కట్టలుగా వచ్చేవి. పొలం చూసినవాడు చూడనివాణ్ణి సలహా అడుగుతున్నాడు! నేను వాటి మీద ‘మీ పరిధిలోదే, మీరే తేల్చండి’ అని రాసి అదే రోజు వెనక్కి పంపేదాన్ని. కొందరికి కోపం వచ్చింది. రానివ్వండి అనుకున్నాను. వాళ్ల దగ్గర దరఖాస్తు పెట్టుకున్న మనిషి నా కళ్లకి కనపడుతూనే ఉన్నాడు.

ఈ భయానికి నాకు తెలిసిన మందు ఒకటే. నిర్ణయం తీసుకున్న రోజునే, ఫలితం తెలియకముందే, కారణం రాసి పెట్టడం. బ్యాంకులో ప్రీ శాంక్షన్ విజిట్ రిపోర్టు ఎలాగూ ఉంటుంది, కానీ చాలామంది దాన్ని ఫారం నింపినట్టు నింపుతారు. ‘పొలం చూడడమైనది, పంట బాగున్నది, సిఫారసు చేయడమైనది.’ దీన్నిబట్టి ఎవరికీ ఏమీ తెలియదు. నేను దానికి అరపేజీ జతచేసేదాన్ని. నా కళ్లతో ఏం చూశాను, ఎవరెవరిని అడిగాను, ఇందులో నాకు భయం కలిగిస్తున్నదేమిటి, అయినా ఎందుకు ఇస్తున్నాను లేదా ఎందుకు ఇవ్వడం లేదు. మూడో ప్రశ్న దగ్గర తోటి మేనేజర్లు అభ్యంతరం చెప్పేవాళ్లు. ‘ప్రమాదం ఉందని నీ చేత్తోనే రాసి పెడితే, తెలిసి ఎలా ఇచ్చావని రేపు నిన్నే పట్టుకుంటారు’ అని. నేను ఒప్పుకోను. ప్రమాదం లేని లోను లేదు. దాన్ని ముందే చూసి, తూచి, ఇచ్చిన మనిషికీ, చూడకుండా ఇచ్చిన మనిషికీ తేడా ఆ ఒక్క వాక్యంలోనే ఉంటుంది.

కౌలు రైతుల సంఘం ఒకటి దీనికి ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద కౌలు రైతులకి పదకొండు నెలల సాగు హక్కు కార్డులు ఇస్తున్నారు. కానీ ఆ కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. చాలామంది యజమానులు పెట్టరు. పెట్టినా, అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే ఇంకో రుణం ఇవ్వడం కుదరదు. అందుకని ఐదుగురు, ఆరుగురు కౌలుదార్లు కలిసి ఒకరికొకరు పూచీగా ఉండే సంఘానికి రుణం ఇస్తాం. తనఖా ఏమీ ఉండదు, మనుషులే హామీ. మా దగ్గరికి వచ్చిన సంఘంలో అందరూ మిర్చి వేసేవాళ్లు. ఫీల్డాఫీసరు వాళ్ల ఊరెళ్లి, గత రెండేళ్ల మిర్చి యార్డు అమ్మకం పట్టీలు చూశాడు. ఎరువుల కొట్లో పాత బాకీ ఎంతుందో కనుక్కున్నాడు. నేను వెళ్లి పొలాల్లో వాళ్లు నీళ్లెక్కడినుంచి తెచ్చుకుంటున్నారో చూశాను. నోట్‌లో ఇలా రాశాను: ‘అందరిదీ ఒకే పంట. పురుగో తెగులో పడితే అందరికీ ఒకేసారి పడుతుంది, ఒకరు ఇంకొకరిని ఆదుకోలేరు. అయినా పాత పట్టీలు, నీటి వసతి, బయట బాకీ తక్కువగా ఉండడం చూసి, స్కేల్ ఆఫ్ ఫైనాన్స్‌లో కొంత తగ్గించి ఇస్తున్నాను.’

అది 2021 ఖరీఫ్. ఆ ఏడాది నల్ల తామర పురుగు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మిర్చిని ఊడ్చేసింది. పూత రాలిపోయింది, ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు, చాలామంది చేలు దున్నేశారు. సంఘం కట్టలేకపోయింది. స్వల్పకాలిక పంటల రుణం రెండు పంట కాలాలు దాటి బాకీ పడితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది, ఇదీ అయింది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన పెద్దాయన ఫైలు తీసి, నోట్ చదివి, ‘పురుగు పడితే అందరికీ పడుతుందని రాశారే’ అన్నారు. అవునన్నాను. ‘తెలిసీ ఇచ్చారు.’ అవునన్నాను. పట్టీల నకళ్లు చూశారు, తగ్గించి ఇచ్చిన మొత్తం చూశారు. ఆ లోను మీద నాకు వివరణ లేఖ రాలేదు. అదే నోట్ లేకుండా, అదే పురుగు పడి, అదే బాకీ మిగిలి ఉంటే నేను జ్ఞాపకం మీద ఆధారపడి మాట్లాడాల్సి వచ్చేది. రెండేళ్ల తరవాత ఎవరి జ్ఞాపకమైనా తనకి అనుకూలంగానే తిరుగుతుంది.

ఇక్కడ పైవాళ్లకి కూడా ఒక మాట చెప్పాలి. పంట పోయింది కాబట్టి ఇచ్చిన నిర్ణయం తప్పు, పంట పండింది కాబట్టి ఒప్పు అని కొలిస్తే, కింద ఉన్నవాళ్లు నేర్చుకునేది ఒక్కటే: ఏదీ ఇవ్వకపోవడం క్షేమం. చూడకుండా ఇచ్చిన లోను అదృష్టం కొద్దీ వసూలైతే దాన్నీ ప్రశ్నించాలి. అలా ప్రశ్నించిన పై అధికారులు నా సర్వీసులో చాలా తక్కువ మంది, వాళ్లంటే నాకు ఇప్పటికీ గౌరవం.

నేను ఎక్కువగా నేర్చుకున్నది మాత్రం కోల్డ్ స్టోరేజీ లోన్ల దగ్గర. మిర్చి కోత అయ్యాక రైతు టిక్కీలు (బస్తాలు) కట్టి కోల్డ్ స్టోరేజీలో పెడతాడు, ధర వచ్చేదాకా ఆగుతాడు. ఆ రసీదు మీద బ్యాంకు అప్పిస్తుంది. సరుకు విలువ ఎంత కట్టాలి, అందులో మార్జిన్ ఎంత ఉంచాలి అనేదే అసలు ప్రశ్న. సర్క్యులరు పైహద్దు చెబుతుంది, దానికి లోపల ఎంత అన్నది మేనేజరు చూసుకోవాలి. 2016లో మిర్చి క్వింటాలు పదివేలు దాటింది. 2017 మొదట్లో కొత్త సరుకు రావడం మొదలైనప్పుడు అందరి కళ్లల్లోనూ ఆ పదివేలే ఉంది. రైతులు ఆ లెక్కన అడిగేవాళ్లు, పక్క బ్యాంకులు పోటీ పడేవి, మాకు టార్గెట్లు ఉండనే ఉన్నాయి.

బ్రాంచిలో మీటింగు పెట్టాను. మామూలుగా మన ఆఫీసుల్లో మీటింగంటే మేనేజరు తన మాట చెబుతారు, మిగతావాళ్లు ‘అవును మేడం’ అంటారు. మేనేజరు నోరు విప్పాక వేరే మాట రాదు, మన పెంపకం అలాంటిది. అందుకని నేను ఆఖర్న మాట్లాడతానని ముందే చెప్పి, అందరికంటే చిన్నవాణ్ణి, ఆ ఏడాదే చేరిన ఫీల్డాఫీసరుని మొదలుపెట్టమన్నాను. ఇంకో పద్ధతి ట్రైనింగులో విన్నది. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2007లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశాడు. పని మొదలెట్టకముందే అది ఘోరంగా చెడిపోయిందని అనుకుని, ఎందుకు చెడిందో ఎవరికి వాళ్లు కాగితం మీద రాయాలి. ‘ఇది చెడిపోతుందా?’ అని అడిగితే మొహమాటానికి లేదంటారు. ‘చెడిపోయింది, ఎందుకో చెప్పు’ అంటే మొహమాటం పోతుంది. మీటింగుల్లో నోరు మెదపని మా హెడ్ క్యాషియరు గారు ఆ రోజు పెద్ద కారణమే రాశారు.

ఆయన రాసింది ఇది: పోయినేడు ధర చూసి పత్తి వేసేవాళ్లు కూడా మిర్చి వేశారు. తన బావమరిది ఊళ్లో ఎప్పుడూ మిర్చి వేయని చేలల్లో కూడా ఈసారి మిర్చే ఉంది. చిన్న ఫీల్డాఫీసరు దానికి ఇంకోటి కలిపాడు. కోల్డ్ స్టోరేజీ దగ్గర హమాలీ మేస్త్రీ, ఫిబ్రవరిలోనే గదులు ఇంతలా నిండడం తానెప్పుడూ చూడలేదన్నాడట. ఈ రెండు సంగతులూ ఏ రిపోర్టులోనూ లేవు. ఆ మర్నాడే మేం ముగ్గురం మూడు ఊళ్లు తిరిగి చూసొచ్చాం. నిజమే. పోయినేడు ధరని పక్కనపెట్టి, అంతకుముందు కొన్నేళ్ల సగటుకి దగ్గరగా విలువ కట్టాలని నిర్ణయించాం. రైతులకి కోపం వచ్చింది, కొందరు పక్క బ్యాంకుకి వెళ్లారు, మా టార్గెట్ వెనకబడింది. రీజనల్ ఆఫీసు నుంచి ఫోన్లు వస్తే మేం రాసుకున్న కారణాలు చదివి వినిపించాను.

ఏప్రిల్ వచ్చేసరికి ధర సగానికి పైగా పడిపోయింది. ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో మిర్చి రైతుల ఆగ్రహం బద్దలైంది. మే మొదట్లో కేంద్రం క్వింటాలు 5,000 చొప్పున కొంత సరుకు కొనే పథకం ప్రకటించింది. అప్పటికి పైహద్దు దాకా అప్పిచ్చినచోట సరుకు విలువ కంటే బాకీ ఎక్కువైంది. అలాంటప్పుడు రైతు సరుకు విడిపించుకోవడానికి రాడు, బ్యాంకు వేలం వేస్తే ఇంకా తక్కువొస్తుంది. తక్కువ అప్పు తీసుకున్న మా రైతులకి నష్టం తప్పలేదు గానీ, సరుకు అమ్మితే బాకీ తీరే స్థితిలో ఉన్నారు. ఈ కథలో నేను గొప్పగా చూసిందేమీ లేదు. చూసినవాళ్లు క్యాషియరు గారు, హమాలీ మేస్త్రీ. వాళ్లకి తెలిసినది టేబులు దాకా వచ్చే దారి ఉంచడమే మేనేజరు పని.

అందరినీ అడిగే తీరిక అన్నిసార్లూ దొరకదు. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్ల రద్దు ప్రకటన వచ్చింది. తరవాతి వారాల్లో వారానికి 24,000 దాకా తీసుకోవచ్చని నిబంధన ఉన్నా, బ్రాంచికి వచ్చే నగదు వరసలో నిలబడ్డవాళ్లలో పదో వంతు మందికి కూడా చాలేది కాదు. పత్తి తీతల కాలం. కూలీలకి రోజు డబ్బులు ఇవ్వకపోతే మర్నాడు చేలోకి రారు. నగదు వచ్చాక ఎంత ఉందో చూసి, ఆ రోజు మనిషికి ఎంతో లెక్కగట్టి, ఆ అంకె బోర్డు మీద రాసి తలుపు పక్కన పెట్టించాం. బోర్డు మీద రాసిన అంకె మీద ఎవరూ పెద్దగా గొడవపడలేదు. గొడవంతా ‘పక్కవాడికి ఎక్కువిచ్చారు’ అన్న అనుమానం దగ్గరే వస్తుంది. ఆసుపత్రి చీటీ తెచ్చినవాళ్లకి, ముసలి పింఛనుదార్లకి మినహాయింపు ఇచ్చే అధికారం క్యాషియరు గారికే వదిలేశాను, అందుకని కొంత నగదు పొద్దున్నే పక్కకి తీసి ఇచ్చేదాన్ని. ప్రతి మినహాయింపుకీ జనాన్ని దాటుకుని నా గదిలోకి రావాల్సి వస్తే, మాట్లాడే ధైర్యమున్నవాళ్లకే దక్కేది.

కాదని చెప్పడం గురించి కూడా రాయాలి. తిరస్కరించడం కంటే నానబెట్టడం మర్యాద అని మన మేనేజర్లలో ఒక నమ్మకం ఉంది. ‘చూద్దాం అమ్మా, వచ్చే వారం రండి’ అంటే మొహం చెల్లినట్టు. ఆ మాట నమ్మి ఆటో చార్జీలు పెట్టుకుని, కూలి పోగొట్టుకుని నాలుగు వారాలు తిరిగిన మనిషికి అది మర్యాద కాదు. రిజర్వ్ బ్యాంకు నియమావళి ప్రకారం తిరస్కరణకి కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ఎస్సీ, ఎస్టీల దరఖాస్తుల్ని బ్రాంచి స్థాయిలో తిరస్కరించకూడదు, పై స్థాయిలోనే ఆ నిర్ణయం జరగాలి. ఈ నియమాలు మేనేజర్ని ఇబ్బంది పెట్టడానికి పెట్టినవి కావు. కారణం రాయాల్సి వచ్చినప్పుడు, సరైన కారణం లేదని తేలిన దరఖాస్తులు నేను చాలా చూశాను. పెన్ను పట్టుకుని కూర్చుంటే కాగితం మీదికి ఏమీ రాదు. అప్పుడు ఇవ్వడమే న్యాయం.

ఒక కుట్టుమిషన్ల యూనిట్ పెట్టుకుంటానని వచ్చిన అమ్మాయికి ముద్రా లోను తను అడిగినంత నేను ఇవ్వలేదు. ఎనిమిది మిషన్లకి అడిగింది, చేతిలో ఉన్న ఆర్డర్లు రెండు మిషన్లకి సరిపోతాయి. అదే చెప్పాను. ‘రెండింటికి ఇప్పుడిస్తాను. బ్లౌజులు కాదు, స్కూలు యూనిఫారాల ఆర్డరు ఒక్కటి తెచ్చుకో, మిగతావాటికి అప్పుడు రా’ అన్నాను. ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది, కానీ ఆ సాయంత్రమే తనకి తేలిపోయింది. తేలితే మనిషి ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇదే దరఖాస్తు గురించి ఊరి పెద్దమనిషి ఒకాయన ఫోన్ చేసి ఎనిమిదింటికీ ఇచ్చెయ్యమన్నారు. ‘ఫైలులో ఏం రాశానో వచ్చి చదవండి, అందులో తప్పుంటే చెప్పండి’ అన్నాను. వచ్చారు, చదివారు, ఇంకేం అనలేదు.

మార్చి గురించి రెండు మాటలు. సంవత్సరాంతంలో మేనేజరు బుర్ర తన బుర్రలా పనిచేయదు, టార్గెట్ షీట్‌లా పనిచేస్తుంది. మార్చి ఆఖరి వారంలో, అంతకుముందే చూసొచ్చిన యూనిట్లకి తప్ప కొత్త పెద్ద లోను దేనికీ సంతకం పెట్టకూడదని నాకు నేనే కట్టడి పెట్టుకున్నాను. సాయంత్రం ఐదు తరవాత ఏ తిరస్కరణకీ సంతకం పెట్టేదాన్ని కాదు. అలిసిన మనిషికి కాదనడం తేలిక.

కొన్నేళ్లకోసారి మాకు బదిలీ. ఆగిపోయిన నిర్ణయాలన్నీ చేరే చోటు అదే. ఆర్డరు రాగానే చాలామంది మేనేజర్లు ‘కొత్తాయన చూసుకుంటాడు’ అని కొత్త ఫైళ్లు తెరవడం మానేస్తారు. కొత్తగా వచ్చినవారు ‘బ్రాంచి అర్థమవనివ్వండి’ అంటారు. మధ్యలో ఒక పంట కాలం పోతుంది. నేను చార్జి అప్పగించేటప్పుడు పెండింగ్‌లో ఉన్న ప్రతి దరఖాస్తు మీదా నా అభిప్రాయం, దాని కారణం రాసిచ్చాను. కొత్త మేనేజరు గారు ఆ జాబితా చదివి, నేను ఇవ్వొచ్చని రాసిన రెండు లోన్ల దగ్గర గుర్తు పెట్టుకుని, ‘మేడం, వీటితో నాకు ఏకీభావం లేదు. సంతకం చేసే ముందు మీరూ నాతో వస్తారా, ఆ పొలాలు చూద్దాం’ అన్నారు. రిలీవ్ అవడానికి ఇంకో రోజు టైముంది. ఫీల్డాఫీసరు బండి తీశాడు.